ఎవరి మంద?

మొదటి రోజు నాగరాణి అక్క క్లాసులోకి రాగానే మేడమ్ వచ్చిందనుకొని అందరం లేచి నిలబడ్డాం. ఆమె నేరుగా వచ్చి నా పక్కన కూర్చుని, "కూసోండ్రి, నేను గూడ సదువుకోనీకే వచ్చిన" అంది. వెనక బెంచీల అబ్బాయిలు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడమని ఆమె అడిగిందా? వెనక్కి తిరిగి నాలుగు మాటలు అనబోయాను గానీ, అక్క నా మోచెయ్యి పట్టి ఆపింది. "నవ్వనియ్యి చెల్లె, నిలబడ్డందుకు కాళ్లు నొచ్చినయి పాపం" అంది. ఈసారి నవ్వింది నేను.

అలా కలిశాం. నా పేరు వర్షిణి, మాది నిడమనూరు. మేం చేరింది మిర్యాలగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. అక్కడ కొత్తగా ఒక జంట కోర్సు పెట్టారు. సగం ఆర్ట్స్, అంటే తెలుగు, చరిత్ర, మనుషుల ఆచారాలు. సగం బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, అంటే ఏ వ్యాపారంలోనైనా ఎవరికి ఏ సమాచారం ఎప్పుడు కావాలో కనిపెట్టి కంప్యూటర్లో అమర్చే చదువు. పెళ్లిళ్లలో చుట్టాలు "ఏం చదువుతున్నవ్ బిడ్డా" అని అడిగితే ఇదంతా చెప్పే ఓపిక లేక "కంప్యూటర్స్" అని తప్పించుకునేదాన్ని. అక్కకు ఆ ఇబ్బంది లేదు. "సగం కథలు వినేటందుకు, సగం కడుపు నిండేటందుకు" అని ఒక్క ముక్కలో చెప్పేసేది.

ఆమె పుట్టిల్లు కోదాడ పక్కన. పదో తరగతి కాగానే పెళ్లి చేసి సూర్యాపేట దగ్గరి పల్లెకు పంపారు. అత్తగారిది తరతరాలుగా గొర్రెలు మేపే కుటుంబం. వాళ్లవైపు మేత తగ్గగానే మందను తోలుకొని సాగర్ కాలువ కింది ఊళ్లకు దిగుతారు. మాడుగులపల్లి, మిర్యాలగూడ, నేరేడుచర్ల, అలా కోదాడ దాకా. పొలాల్లోనే వండుకోవడం, పొలాల్లోనే పడుకోవడం. పెళ్లయిన దగ్గర్నుంచీ అక్క ఆ మంద వెంటే నడిచింది. బిడ్డ స్వర్ణను సూర్యాపేటలో గురుకులం హాస్టల్లో చేర్చాక, తను కూడా ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టి పాసై, డిగ్రీకి వచ్చింది. గొర్రెల పక్కన కూర్చుని పరీక్షలకు చదివిందట. "అవి మంచిగ ఇంటయి, మధ్యల ప్రశ్నలడగవు" అనేది.

మూడో ఏడు వచ్చేసరికి ఆమెకు ఒక ఉద్యోగం మాట అయింది. మిర్యాలగూడలో రైతులంతా కలిసి నడుపుకునే కంపెనీ ఒకటి ఉంది. అటు రైతులతో, ఇటు గొర్రెల కాపరులతో మాట్లాడగలిగి, కంప్యూటర్ కూడా తెలిసిన మనిషి వాళ్లకు కావాలి. అలాంటి మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కతే ఉంది. జూన్‌లో చేరమన్నారు, డిగ్రీ పాసైతేనే. మే నెలలో చివరి ప్రాజెక్టు గట్టెక్కకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. అంతదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉంచరు. ఏడాదిపాటు మళ్లీ మంద వెంట నడక. ఒకసారి వెళ్తే తిరిగి రావడం ఉండదని అక్కకు తెలుసు, నాకూ తెలుసు.

పాసైనా ఇంకో అడ్డం ఉంది. ఆమె భర్త బీరన్న చెడ్డవాడు కాదు, ఒక్కసారి కూడా కోప్పడ్డట్టు వినలేదు. ఉద్యోగం సంగతి ఎత్తితే మాత్రం "సూద్దాం" అంటాడట. మా వైపు మగవాళ్లు చూద్దాం అన్నారంటే చూడరని అర్థం. నాకు స్కూటీ కొనే విషయంలో మా నాన్న ఇంటర్ నుంచీ చూస్తూనే ఉన్నాడు.

ప్రాజెక్టు సంగతి చెప్పాలంటే ముందు మంద పెట్టడం అంటే ఏమిటో చెప్పాలి. వరి కోసేశాక రైతు తన పొలంలో రాత్రిపూట గొర్రెల మందను పడుకోబెట్టించుకుంటాడు. ఆ ఎరువుతో మరుసటి పంట బలంగా వస్తుంది. అందుకు కాపరులకు వడ్లో పైసలో ఇస్తాడు. కోతలు అయ్యాయంటే మందల కోసం రైతులు పోటీ పడతారు. పగలు మగవాళ్లు గొర్రెలతో మేతకు పోతారు కాబట్టి, డేరా దగ్గరికి వచ్చిన రైతులకు మాట ఇచ్చేది ఆడవాళ్లు. ఎవరికి ఏ రోజు మాటిచ్చారో గుర్తుపెట్టుకోవడం కష్టం. పోయిన ఏడు అక్క వాళ్ల మంద విషయంలోనే ఒకే రోజుకు ఇద్దరు రైతులకు మాట పడిపోయింది. ఆ ఇద్దరిలో ఒకడు మా నాన్న జనార్దన్. పొలం గట్టు మీద ఆయన చేసిన రభస నిడమనూరు ఇంకా మర్చిపోలేదు. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా "మాటంటే మాట ఉండాలె" అని అరుస్తుంటే, నాకు విసుగొచ్చి అక్కకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. "మన ప్రాజెక్టు దొరికింది చెల్లె" అంది. అక్క చేస్తానంటే నేను తోడుగా నిలబడ్డాను.

చదువు రాని వాళ్ల కోసం కాబట్టి ఫోన్లో మాటతోనే పని జరగాలి. బటన్ నొక్కితే అక్క గొంతు మూడు ప్రశ్నలు అడుగుతుంది. మంద యజమాని పేరు చెప్పండి. ఎవరి పొలంలో? ఏ రోజు? జవాబులు విని ఫోన్ వాటిని దాచిపెడుతుంది. ఆ రోజుకు ముందే మాట పడి ఉంటే వెంటనే చెప్పేస్తుంది. మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పే మురళీధర్ సార్ చూసి సంతోషపడ్డాడు. క్లాసులో అందరం రకరకాల పేర్లు చెప్పి చూశాం, పనిచేసింది. బీరన్న వచ్చి "మల్సూర్ మంద" అని వాళ్ల నాన్న పేరు చెప్పాడు, పనిచేసింది. ఆ ఫోన్‌ను తీసుకెళ్లి నేరేడుచర్ల దగ్గర దిగిన మందల్లోని ఆడవాళ్లకు ఇచ్చి వచ్చాం.

తర్వాత ఒక్క మాట కూడా నమోదు కాలేదు. రోజూ లాబ్‌లో కంప్యూటర్ తెరిచి చూడటం, జాబితా ఖాళీగా ఉండటం. సిగ్నల్ లేదేమో అనుకున్నాం, ఫోన్ కింద పడేశారేమో అనుకున్నాం. వైవా దగ్గరపడుతోంది. అక్క తిండి మానేసింది. నేనేమో తిండి పెంచాను, నాకు భయమేస్తే ఆకలి ఎక్కువ. చివరికి ఇద్దరం షేర్ ఆటో ఎక్కి నేరేడుచర్ల పోయి, అక్కడి నుంచి కోసిన పొలాల్లో పడి డేరా దాకా నడిచాం. మే నెల ఎండ, తలమీద కొంగు కూడా కాలుతోంది.

డేరాలో అక్క అత్తగారు బక్కమ్మ ఉల్లిగడ్డలు కోస్తోంది. పేరుకే బక్కమ్మ, మనిషి దిట్టం. నన్ను చూసి "జనార్దన్ పటేలు బిడ్డవు గదూ, మీ నాయిన కోపం తగ్గిందా" అని అడిగింది. ఇంకా లేదని చెప్పాను. ఫోన్ ఎక్కడుందని అక్క అడిగితే బొంత కింద నుంచి తీసింది. బట్టలో భద్రంగా చుట్టి ఉంది.

"ఒక్కపారి మా ముందల చెప్పు అత్తమ్మా" అంది అక్క.

బక్కమ్మ చెయ్యి కడుక్కొని వచ్చి బటన్ నొక్కింది. మంద యజమాని పేరు చెప్పండి, అంది ఫోన్. బక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోన్ మళ్లీ అడిగింది. ఆమె దాన్ని మెల్లగా బోర్లా పెట్టేసింది.

"ఏందత్తమ్మా, చెప్పరాదు?"

"ఆయన పేరు నా నోటెంట ఎట్ల వస్తదే? పోయినోడైతే ఏంది, మొగడు మొగడే. నిన్న మొన్న అందరు ఆడోళ్లం సూసినం. అది అడుగుతనే ఉంటది, మేం నోరు మూసుకుంటనే ఉంటం. నీ గొంతే గదా, నీకన్న తెల్వదా?"

అక్కకు చిరాకు వచ్చింది. "గింత దానికి పరేషాన్ ఎందుకు? ఇగో, నేను చెప్పి సూపిస్త" అని ఫోన్ అందుకుంది. నమూనాకు తన భర్త పేరు చెప్పాలి, అంతే. నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉంది, మాట రాలేదు. నా వైపు చూసింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది, కాలేజీలో ఈ ఫోన్‌ను పరీక్షించినప్పుడల్లా బీరన్న పేరు నాతోనే చెప్పించింది. మూడేళ్లలో ఆ పేరు ఆమె నోట నేను వినలేదు. 'స్వర్ణ వాళ్ల నాయిన' అంటుంది, లేకపోతే 'మా ఇంటాయన' అంటుంది. ఆచారాల మీద పేపర్ రాసి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న మనిషి, మొగుళ్ల పేర్లు చెప్పని ఆడవాళ్ల చేతికి మొగుడి పేరు అడిగే ఫోన్ ఇచ్చింది. నేను నవ్వడం మొదలుపెట్టాను. అక్క నన్ను ఒక్కటి చరిచి తనూ నవ్వింది. బక్కమ్మ మమ్మల్నిద్దర్నీ చూసి, "ఎండదెబ్బ తగిలింది, మజ్జిగ తాగుండ్రి" అంది.

వెనక్కి వచ్చేటప్పుడు ఆటోలోనే అక్క సగం పని ఆలోచించేసింది. యజమాని పేరు తీసేసింది. మొదటి ప్రశ్నగా ఫోన్ ఇక "ఎవరి మంద?" అని అడుగుతుంది. ఆడవాళ్లు రోజూ ఎలా చెప్పుకుంటారో అలాగే చెప్పవచ్చు. స్వర్ణ నాయిన మంద, పెద్దింటోళ్ల మంద, ఏదైనా సరే. ఆ మాటను ఫోన్ గుర్తుపెట్టుకొని తిరిగి వినిపిస్తుంది. ఫోన్‌ను అలా మార్చి పంపిన మర్నాడే మాటలు వచ్చిపడ్డాయి. బక్కమ్మ తన మందను "బీరన్న నాయిన మంద" అని చెప్పింది. కొడుకు పేరు చెప్పడానికి ఆమెకు అభ్యంతరం లేదు.

మురళీధర్ సార్‌కు మాత్రం నచ్చలేదు. "డేటాలో పేరు ఉండాలమ్మా, చుట్టరికం ఉంటే ఎట్ల?" అన్నాడు.

"సార్, మా దిక్కు ఆడోళ్లకు మొగని పేరంటే చుట్టరికమే" అంది అక్క.

"వైవాలో మార్కులు వేయడానికి బయటి నుంచి వచ్చే మేడమ్ ఒప్పుకోవాలి గదా. ఆమె అడిగితే నువ్వే చెప్పుకో, నేను అడ్డం రాను" అని సార్ చేతులు దులుపుకున్నాడు. సంతకం మాత్రం పెట్టాడు. అదే పదివేలు అనుకున్నాం.

వైవా రోజున కోదాడ నుంచి లత మేడమ్ వచ్చింది. సన్నటి మనిషి, చల్లటి మాట. అలాంటి వాళ్లంటేనే నాకు భయం. ఈ ఫోన్‌ను నిజంగా వాడే మనిషి ఎవరైనా వస్తే బాగుంటుందని ముందే చెప్పి పంపింది కాబట్టి బక్కమ్మను తీసుకొచ్చాం. లాబ్ బయట చెప్పులు వదిలి, ఏసీ గాలికి కొంగు నిండా కప్పుకొని, కుర్చీ అంచున కూర్చుంది. అక్క ప్రాజెక్టు గురించి వివరించింది. ఎక్కడా తడబడలేదు. తర్వాత బక్కమ్మ బటన్ నొక్కింది.

"ఎవరి మంద?"

"బీరన్న నాయిన మంద."

ఫోన్ ఆ మాటను తిరిగి వినిపించింది. లత మేడమ్ తల ఊపింది. "బాగుందండీ. బీరన్న నాన్నగారంటే మీ ఆయనే కదమ్మా? ఆయన్ని ఒకసారి ఫోన్లో కలపండి. మంద ఆయనది కాబట్టి, మీరిచ్చే మాట ఆయనకి ఇష్టమో కాదో అడుగుదాం."

"ఆయన యాడున్నడు బిడ్డా" అంది బక్కమ్మ. "పోయి శాన్నాళ్లాయె."

మల్సూర్ లేడని మాకందరికీ తెలుసు. తెలిసే, ఆయన పేరు ఎలా చెప్పించాలా, ఎలా తప్పించాలా అని ఇన్నాళ్లూ కుస్తీ పట్టాం. మంద ఆయనది ఎలా అవుతుందని ఒక్కరమూ అడగలేదు.

"అంటే మీ సిస్టమ్‌లో ఇన్నాళ్లూ రైతులకి మాటిస్తున్నది లేని మనిషా?" అని మేడమ్ అక్కను అడిగింది. కోపంగా కూడా కాదు, మామూలుగానే. మురళీధర్ సార్ కిటికీ వైపు చూస్తున్నాడు. అయిపోయింది, ఇగ మంద వెంట నడకే అనుకున్నాను.

అక్క తల దించలేదు. "తప్పే మేడమ్. మామ పోయినంక గూడ ఊరంతా ఆయన మందనే అంటరు. మేం గూడ అదే రాసుకున్నం. అడగాల్సిన మనిషిని అడగలే."

"మరైతే ఇప్పుడు అడగండి."

అక్క కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అత్తమ్మా, మంద ఎవరిది?"

"గదేం అడుగుడే" అంది బక్కమ్మ. తర్వాత అన్నది మాతో అన్నట్టు లేదు. "ఆయన పోయినకాడికెల్లి ఈనేటప్పుడు కాన్పులు సూసింది నేను. రోగమొస్తే దవాఖానకు తోలుకపోయింది నేను. రైతులకు మాట ఇచ్చేది నేనే, తప్పితే తిట్లు తినేది నేనే. ఈ పిల్ల నాయిన తిట్టింది గూడ నన్నే." నా వైపు చూపించింది. నేను తలూపాను.

ఆమె ఫోన్ తీసుకొని బటన్ నొక్కింది.

"ఎవరి మంద?"

బక్కమ్మ ఏదో అంది. పక్కనే ఉన్న నాకే వినపడలేదు, ఫోన్‌కు ఏం వినపడుతుంది. "మళ్లీ చెప్పండి" అంది అక్క గొంతు ఫోన్లోంచి. బక్కమ్మ కొంగు నోటి మీది నుంచి తీసేసింది. నిటారుగా కూర్చుంది. పొలంలో అవతలి గట్టు మీది మనిషిని పిలిచినట్టు గట్టిగా చెప్పింది.

"బక్కమ్మ మంద."

"బక్కమ్మ మంద" అని ఫోన్ తిరిగి వినిపించింది. "ఎవరి పొలంలో?"

"జనార్దన్ పటేలు పొలంల, నిడమనూరు. ఎల్లుండి." మూడో ప్రశ్న అడగకముందే దానికీ జవాబు చెప్పేసింది.

లత మేడమ్ నవ్వింది. అప్పటిదాకా ఆమెకు నవ్వడం వచ్చని నేను అనుకోలేదు. "మరి పాత మాటలన్నీ ఏం చేస్తారు? కొట్టేస్తారా?" అని అక్కను అడిగింది.

"కొట్టెయ్యం మేడమ్. అప్పుడు ఎట్లన్నరో అట్లనే ఉంటది. ఇయ్యాల్టి నుంచి ఆమె పేరు మీద నడుస్తది. ఇగ మీద ఎవరి మంద అని అడిగినప్పుడు, మాట ఇచ్చే మనిషి ఎవరని గూడ అడుగుతం. రెండు ఒకటి కాకుంటే ఫోనే చెప్తది."

"అది సరైన పద్ధతి" అంది మేడమ్. కాగితం మీద ఏదో రాసి సార్‌కు ఇచ్చింది. సార్ చూసి మాకు బొటనవేలు చూపించాడు, ప్రాజెక్టు మొదటి నుంచీ తనే చేయించినట్టు. నాకు కోపం రావాల్సింది. రాలేదు.

బయటికొచ్చి కాలేజీ మెట్ల మీద కూలబడ్డాం. అక్క రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. వేళ్ల సందుల్లోంచి చూస్తే నవ్వుతోంది. "గుండెల మీది బండ దిగింది చెల్లె" అంది. నాకూ అలాగే ఉంది. చాలా రోజుల తర్వాత నాకు ఆకలి లేదు, దాహం మాత్రమే ఉంది. ముగ్గురం బస్టాండు పక్కన చెరుకు రసం బండి దగ్గరికి పోయాం. ఐస్ ఎక్కువ వేయమని నేను, వద్దని బక్కమ్మ.

గ్లాసులు సగం అయ్యాయో లేదో బక్కమ్మ ఫోన్ మోగింది. బీరన్న. ఆమెకు చెవి సరిగ్గా వినపడదు కాబట్టి ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడుతుంది, బస్టాండంతా వింటుంది.

"ఏమాయెనే అమ్మా?"

"పాసాయె."

"మంచిగాయె" అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు, గొంతులో తెలిసింది. "మరి ఇగ రాండ్రి. ఎల్లుండి మందను కోదాడ దిక్కు తోలుదాం. స్వర్ణ అమ్మను గూడ దోల్కరా, ఇక్కడ మనుషులు సాలుతలేరు."

అక్క గ్లాసు పెదవుల దగ్గర ఆగిపోయింది. నేను ఉండబట్టలేక ఫోన్ వైపు వంగి, "మరి అక్క నౌకరి సంగతేందన్నా?" అని అడిగాను.

"దానికేముంది, సూద్దాం" అన్నాడు బీరన్న.

బక్కమ్మ ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకుంది. "సూసుడేం లేదు. ఎల్లుండి మంద నిడమనూరు పోతది, నేను మాటిచ్చిన. నీ పెండ్లాం నౌకరికి పోతది. మనిషి సాలకుంటే జీతగాణ్ణి పెట్టు."

"గదేందే, నన్నొక్క మాట అడగకుండ?"

"నిన్నెందుకడుగుతా? మంద నాది" అంది బక్కమ్మ. "నమ్మకపోతే ఫోన్ల సూసుకో."

అటువైపు బీరన్న గొర్రెల్ని అదిలిస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత బీరన్న "సరే తియ్యే" అన్నాడు. అక్క ఆగిపోయిన గ్లాసును ఎత్తి, మిగిలిన రసం నింపాదిగా తాగేసింది.